రెండో డిగ్రీ నెత్తికెత్తుకునే ముందు

"మేడమ్, బీటెక్‌తో పాటు ఐఐటీ మద్రాస్ బీఎస్ కూడా చెయ్యగలనా?"

ఇంజినీరింగ్ కాలేజీలో మెంటర్‌గా ఉన్నవాళ్లకి సెమిస్టర్ మొదట్లో ఈ ప్రశ్న తప్పదు. డేటా సైన్స్‌లో ఆ ఆన్‌లైన్ డిగ్రీ 2020లో మొదలైంది. ఒకేసారి రెండు డిగ్రీలు చదువుకోవచ్చని యూజీసీ 2022 ఏప్రిల్‌లో ఒప్పుకుంది. అప్పటి నుంచి అడిగేవాళ్లు పెరిగారు. చెయ్యగలనా అన్నప్పుడు వాళ్ల మనసులో ఉన్నది తమ తెలివి సరిపోతుందా అనే అనుమానం. అది ప్రవేశానికి పెట్టే క్వాలిఫయర్ పరీక్షే తేల్చేస్తుంది. నేను చూసేది గంటలు. అవి కూడా మామూలు వారంలో కాదు, సెమిస్టర్ మొత్తంలో ఊపిరాడని వారం ఒకటి వస్తుంది చూడండి, ఆ వారంలో సరిపోతాయా అని.

ఇది తేల్చుకోవడానికి ఒక సాయంత్రం లెక్క, ఒక వారం పరిశీలన చాలు. రెండో ఏడాది రెండో సెమిస్టర్‌లో ఉన్న సీఎస్‌ఈ అమ్మాయి ఒకామె ఇదే ప్రశ్నతో వచ్చినప్పుడు మేమిద్దరం కూర్చుని వేసిన లెక్కనే ఇక్కడ వరసగా చెబుతాను. క్వాలిఫయర్ అప్పటికే పాసయింది. జనవరి టర్ముకు రెండు కోర్సులు తీసుకుందామని ఆమె ఉద్దేశం. "మా సీనియర్ నాలుగు తీసుకున్నాడు మేడమ్" అని కూడా ఓ మాట వేసింది. ఆ సీనియర్ హాస్టల్‌లో ఉంటాడన్న సంగతి తర్వాత బయటపడింది.

మొదట బల్ల మీదికి నాలుగు కాగితాలు రావాలి: సిలబస్ పుస్తకంలోని సెమిస్టర్ పట్టిక, క్లాసు టైమ్‌టేబుల్, యూనివర్సిటీ అకడమిక్ క్యాలెండర్, కొత్తగా చేరబోయే కోర్సు టర్మ్ క్యాలెండర్. ఇవన్నీ వాట్సాప్ గ్రూపులో ఎక్కడో ఉంటాయి. వెతికి ప్రింటు తీయించుకోండి. పెన్సిల్ గీతలు పడాల్సిన కాగితాలు ఇవి, ఫోన్‌లో జూమ్ చేసి చూస్తే పని జరగదు.

సెమిస్టర్ పట్టికలో ప్రతి సబ్జెక్టు పక్కన ఎల్, టీ, పీ, సీ అని నాలుగు గడులుంటాయి. లెక్చర్, ట్యుటోరియల్, ప్రాక్టికల్, చివరిది క్రెడిట్. పిల్లలందరూ చివరి గడినే చూస్తారు, ఎస్‌జీపీఏ దాన్నిబట్టే వస్తుంది కాబట్టి. మనకు కావలసింది ముందున్న మూడు గడులు. వారానికి ఒక గంట లెక్చర్‌కి ఒక క్రెడిట్, రెండు గంటల ల్యాబ్‌కి ఒక క్రెడిట్. అంటే క్రెడిట్లలో సగం కనిపించేది గడియారంలో పూర్తిగా ఉంటుంది. ఆ అమ్మాయి పట్టికలో థియరీ సబ్జెక్టులు ఐదు, ఒక్కోటీ 3 క్రెడిట్లు: డిస్క్రీట్ మ్యాథమెటిక్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డీబీఎంఎస్, సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్, బిజినెస్ ఎకనామిక్స్. ల్యాబ్‌లు మూడు, ఒక్కోటీ 1 క్రెడిట్. ఒక ప్రాజెక్టు, 2 క్రెడిట్లు. వీటికి తోడు భారత రాజ్యాంగం మీద వారానికి 3 గంటల కోర్సు ఒకటి, దాని క్రెడిట్లు సున్నా. క్రెడిట్లు కూడితే 20 వచ్చాయి. గంటలు కూడితే 28. సున్నా క్రెడిట్ల కోర్సయినా 3 గంటలూ బెంచీ మీద కూర్చోవాల్సిందే, హాజరూ పడాల్సిందే.

ఇప్పుడు ఇంటి దగ్గర చదవాల్సిన గంటలు. 2023లో వచ్చిన జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ ఒక క్రెడిట్‌కు మొత్తం 30 గంటల పని అని లెక్క కట్టింది. క్లాసు, ల్యాబ్, సొంత చదువు, పరీక్ష అన్నీ అందులోనే. 20 క్రెడిట్లంటే 600 గంటలు. 16 వారాలకు పంచితే వారానికి ముప్పై ఏడున్నర. దీన్ని మొత్తం మీద ఒక అంచనాగా పెట్టుకోవచ్చు గానీ నిర్ణయానికి ఇది పనికిరాదు. డిస్క్రీట్ మ్యాథ్స్ 3 క్రెడిట్లే, బిజినెస్ ఎకనామిక్స్ కూడా 3 క్రెడిట్లే. మొదటిది వారం వదిలేస్తే మళ్లీ అందదు. రెండోది మిడ్స్ ముందు మూడు సాయంత్రాలు కూర్చుంటే గట్టెక్కుతుంది. అందుకని ఒక్కో సబ్జెక్టు దగ్గర ఆగి, కిందటి సెమిస్టర్‌లో ఇలాంటిదానికి నిజంగా ఎంత పట్టిందో అడుగుతాను. ఆమె మ్యాథ్స్‌కు 4 గంటలు, ఓఎస్‌కు 3, డీబీఎంఎస్‌కు 3 అంది. మిగతా రెండింటికీ చెరో గంట. మొత్తం 12.

ఇక్కడ దాదాపు అందరూ ఒకటి మర్చిపోతారు. రికార్డు. ల్యాబ్‌లో ప్రోగ్రామ్ రన్ అయిపోతే పని అయిపోయినట్టు అనుకుంటారు. అబ్జర్వేషన్ బుక్‌లో రాయాలి, దిద్దించుకోవాలి, దాన్ని మళ్లీ రికార్డులోకి చేత్తో ఎక్కించాలి, అవుట్‌పుట్ అతికించాలి, సంతకం కోసం స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర నిలబడాలి. కంప్యూటర్ ప్రోగ్రామును చేత్తో కాగితం మీద ఎందుకు రాయాలని పిల్లలు అడిగితే నా దగ్గర మంచి జవాబు లేదు. కానీ రాయాలి. దానికి 3 గంటలు వేశాం. ప్రాజెక్టు బ్యాచ్‌లో నలుగురున్నా పని చేసేది ఇద్దరే, ఆ ఇద్దరిలో ఈమె ఒకతె. దానికి ఇంకో 3. అంతా కలిపి క్లాసు బయట 18 గంటలు.

బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్లు ఈ దశలోనే దాన్ని చేర్చుకోవాలి. సప్లీ సబ్జెక్టుకు క్లాసు ఉండదు, టైమ్‌టేబుల్‌లో గడి ఉండదు, అందుకే అది లెక్కలోకి రాదు. వారానికి 4 గంటలు వేయండి. ఈమెకు బ్యాక్‌లాగ్‌లు లేవు. ఉండి ఉంటే అక్కడితోనే లెక్క ఆపేసి, ముందు అది క్లియర్ చేసుకుని రమ్మనేదాన్ని. క్యాంపస్‌కు వచ్చే కంపెనీల్లో చాలావరకు యాక్టివ్ బ్యాక్‌లాగ్ ఉంటే పరీక్షకే కూర్చోనివ్వవు. రెండో డిగ్రీ కోసం మొదటిదానికి చిల్లు పెట్టుకోవడం ఏ లెక్కలోనూ లాభసాటి కాదు.

తర్వాత వారంలో ఉన్న 168 గంటల పద్దు. నిద్రకు 49, రోజుకు 7 చొప్పున. దీన్ని తగ్గిస్తానని ప్రతి ఒక్కరూ బేరమాడతారు. నేను ఒప్పుకోను. కాలేజీ 9 నుంచి 4 దాకా, శనివారంతో కలిపి 42. క్లాసులు 28 గంటలే కదా అంటే, మధ్యలో లైబ్రరీ, స్పోర్ట్స్, ప్లేస్‌మెంట్ ట్రైనింగ్, భోజనం అన్నీ కలిపి మనిషి ఉండేది 42 గంటలు. బస్సు, రానూ పోనూ రోజుకు రెండున్నర గంటలు, ఆరు రోజులకు 15. స్నానం, తిండి, బట్టలు, ఇంటి పని రోజుకు 3 చొప్పున 21. మొత్తం 127. చేతిలో మిగిలేవి 41.

ఈ 41ని వెంటనే నమ్మకూడదు. ఒక వారం పాటు ఏ గంట ఎటు పోయిందో చిన్న పుస్తకంలో రాసుకు రమ్మంటాను. రాత్రి పడుకునే ముందు ఐదు నిమిషాల పని. ఫోన్‌లో స్క్రీన్ టైమ్ కూడా చూసి పక్కన వేయమంటాను, తిట్టడానికి కాదు, అంకె తెలియడానికి. ఈ పుస్తకాల్లో నాకు ఏటా కనబడేది ఒకటుంది. మగపిల్లల పుస్తకంలో సాయంత్రం రెండు గంటలు గేమ్‌లోనో గ్రౌండ్‌లోనో పోతాయి, వాటిని కావాలనుకుంటే వెనక్కి తెచ్చుకోవచ్చు. డే స్కాలర్ ఆడపిల్లల పుస్తకంలో పోయేవి అంత సులువుగా వెనక్కి రావు: తమ్ముడి హోమ్‌వర్క్, చుట్టాలొస్తే టీలు, అమ్మకు ఒంట్లో బాగుండకపోతే వంట. ఈ అమ్మాయిది కూడా అంతే. మేము రోజుకు వేసిన 3 గంటల్లో ఇంటి పని ఇమిడింది గానీ ఆదివారం మాత్రం ఇంకో రెండు గంటలు పోయాయి. వాళ్ల నాన్నకు ఈ పుస్తకం చూపించు అన్నాను. చూపించిందట. ఆదివారం పొద్దున ఆమెను పిలవకూడదని ఇంట్లో అనుకున్నారట. ఆ రకంగా 41 నిలబడింది.

బస్సులో పోయే 15 గంటల సంగతి కూడా అడుగుతారు. సీటు దొరికితే వీడియో పాఠాలు వినొచ్చు. అసైన్‌మెంట్ చెయ్యడం కుదరదు, లెక్కలు అసలే కుదరవు. అందుకే పద్దులో వాటిని వేయను. దొరికితే అదనంగా దొరికినట్టు.

ఇక కొత్త కోర్సు బరువు. ఐఐటీ మద్రాస్ వాళ్లే కోర్సుకు వారానికి దాదాపు 10 గంటలు పెట్టాలంటారు. బీఎస్ తొలి దశ ఫౌండేషన్‌లో ఒక్కో కోర్సు 4 క్రెడిట్లది, 12 వారాల పాఠాలు. 12 పదులు 120, క్రెడిట్‌కు 30 చొప్పున 4 క్రెడిట్లకూ 120. రెండు లెక్కలూ కలిశాయి కాబట్టి ఆ 10 గంటల మాట ప్రచారానికి చెప్పింది కాదని నమ్మొచ్చు. కాకపోతే ఇది కూడా మనిషిని బట్టి మారుతుంది. ఇంటర్‌లో ఎంపీసీ చదివి వచ్చిన తెలుగు పిల్లలకు మ్యాథ్స్ ఒకటో కోర్సులో సగం పాత పాఠమే. స్టాటిస్టిక్స్ అలా కాదు. ఇంటర్‌లో దాన్ని సూత్రాల వరకే చూసి వదిలేసి ఉంటారు, ఇక్కడ ప్రతి ప్రశ్నా ఆలోచించి చెయ్యమంటుంది. కంప్యూటేషనల్ థింకింగ్ సీఎస్‌ఈ వాళ్లకు తేలిక, సివిల్ పిల్లలకు కొత్త.

క్వాలిఫయర్‌లో ఈ మూడింటికీ ఇంగ్లిష్‌కూ కలిపి నాలుగు వారాల పాఠాలుంటాయి. "అప్పుడు నాలుగూ ఒకేసారి చేశాను కదా మేడమ్" అంది ఆ అమ్మాయి. చేసింది, కానీ సెమిస్టర్ సెలవుల్లో చేసింది. కాలేజీ 42 గంటలూ బస్సు 15 గంటలూ అప్పుడు ఆమె దగ్గరే ఉన్నాయి. సెలవుల్లో ఎత్తిన బరువును సెమిస్టర్‌కు కొలతగా తీసుకోవడం ఈ నిర్ణయంలో చాలామంది పడే గుంట.

సరే, పద్దు కూడాం. 41లో కాలేజీ చదువుకు 18, రెండు బీఎస్ కోర్సులకు 20. మిగిలింది 3. ఆమె మొహం వెలిగింది. "పట్టేసింది మేడమ్!" చాలామంది ఇక్కడే ఆగి ఫీజు కట్టేస్తారు.

ఇప్పుడు రెండు క్యాలెండర్లూ పక్కపక్కన పెట్టి, వారానికొక గీత చొప్పున గీసి, ప్రతి పరీక్షనూ గడువునూ ఆ గీతల మధ్య వేయాలి. ఈ మొత్తం పనిలో అసలైన మెట్టు ఇదే. బీఎస్‌లో టర్ముకు రెండు క్విజ్‌లు, ఒక ఎండ్ టర్మ్. కోర్సు ఆన్‌లైన్ అయినా ఈ మూడూ సెంటర్‌కు వెళ్లి రాయాలి, మామూలుగా ఆదివారాల్లో. కాలేజీలో రెండు మిడ్స్, ల్యాబ్ ఇంటర్నల్స్, ప్రాజెక్టు రివ్యూలు, ఎక్స్‌టర్నల్స్. పెన్సిల్ పెట్టి దింపుకుంటూ పోతే మార్చిలో ఒక వారం దగ్గర ఆగాం. గురువారం, శుక్రవారం, శనివారం ఒకటో మిడ్. ఆ వెంటనే ఆదివారం రెండో క్విజ్.

ఆ వారానికి విడిగా పద్దు వేశాం. కాలేజీ మామూలు 18 గంటలు పోను మిడ్స్ కోసం ఇంకో 14 కావాలి, అది 32. బీఎస్ వారపు పాఠాలు ఆగవు, రెండు కోర్సులకు 20. క్విజ్‌కు ఒక్కోదానికి 4 గంటల రివిజన్, అది 8. మొత్తం 60. చేతిలో ఉన్నవి 41. 19 గంటలు తక్కువ. ముందు వారం నుంచి అరువు తెచ్చుకుందామంటే అక్కడ మిగులు 3 గంటలే. మేనమామ కూతురి పెళ్లి వస్తే ఆ మూడూ ఉండవు.

అదే ఒక్క కోర్సయితే? మామూలు వారంలో 41లో 28 పోయి 13 మిగులుతాయి. చెడ్డ వారంలో 32కి కోర్సు 10, క్విజ్ 4 కలిపితే 46, తక్కువ పడేది 5 గంటలు. ముందు వారం మిగులులోంచి ఐదు గంటలు మిడ్స్‌కు వాడుకుంటే సరి. రెండు కోర్సులకీ ఒక కోర్సుకీ తేడా 10 గంటలే అనిపిస్తుంది. ఆ మార్చి వారంలో అది దాటగలిగే కాలువకీ దాటలేని ఏటికీ ఉన్నంత తేడా.

ఇక్కడ పిల్లలు ఒక దొంగదారి వెతుకుతారు: ఆ వారం క్లాసులు ఎగ్గొడితే? మన యూనివర్సిటీల్లో హాజరు 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్య పడితే కారణం చూపించి కండొనేషన్ ఫీజు కట్టాలి, 65 దాటి కిందికి పోతే డీటెయిన్. 16 వారాలు, వారానికి ఆరు రోజులు వేసుకుంటే 96 రోజులు, అందులో 25 శాతం 24 రోజులు. చూడ్డానికి బోలెడు. డెంగీ వస్తే రెండు వారాలు అక్కడే పోతాయి. ఊళ్లో జాతర, అక్క సీమంతం, ఒక బస్ బంద్. ఆ 24 రోజులూ ఆపదకు దాచుకోవాల్సినవి, చదువు పద్దులో జమ వేసుకోవడానికి లేదు.

లెక్క కుదిరాక రెండు వారాలు ఉత్తుత్తిగా బతికి చూడమంటాను. కోర్సుకు ఫీజు కట్టకుండానే, రోజూ ఏ గంటల్లో చదవాలనుకుంటున్నారో ఆ గంటల్లో కూర్చోవాలి. క్వాలిఫయర్‌లో అర్థం కాని పాఠాలు తీసుకుని చేసినా చాలు. ఎన్‌పీటెల్ ఆన్‌లైన్ కోర్సుల్లో ఇది ఇంకా తేలిక. చేరడానికి డబ్బు అక్కర్లేదు, పరీక్ష రాయదలచుకుంటేనే 1000 రూపాయలు. రెండు మూడు అసైన్‌మెంట్లు చేసి చూసి, ఊపిరాడుతుందనిపిస్తే పరీక్షకు కట్టుకోవచ్చు. ఆనర్స్, మైనర్ డిగ్రీల కోసం 18 నుంచి 20 క్రెడిట్లు అదనంగా తెచ్చుకోవాలనుకునేవాళ్లు ఈ దారినే ఎక్కువగా పోతారు. 12 వారాల ఎన్‌పీటెల్ కోర్సులో వీడియోలు మొత్తం 30 గంటలే, 12 అసైన్‌మెంట్లలో బాగా చేసిన 8 లెక్కలోకి తీసుకుంటారు, కాబట్టి ఒక చెడ్డ వారం వచ్చిపోయినా ప్రాణం పోదు. మా అమ్మాయిల్లో కొందరికి బీఎస్ కంటే ఇదే నయమని చెప్పి పంపాను.

ఈ రెండు వారాల్లో తేలేది గంటల నాణ్యత. పద్దులో రాత్రి 9 నుంచి 11 అని రెండు గంటలు రాస్తాం. బస్సు దిగి, తిని, రికార్డు రాసి 9కి కూర్చున్న మనిషికి స్టాటిస్టిక్స్ ఎక్కదు. మొదటి వారం చివర ఆ అమ్మాయి రాసుకొచ్చింది: రాత్రి రెండు గంటల్లో చేసిన నాలుగు లెక్కలు పొద్దున అయిదింటికి లేచి ముప్పావు గంటలో చేశానని. దాంతో పాఠాలు వినడం రాత్రికి, లెక్కలు పొద్దుటికి మార్చుకుంది. నిద్ర తగ్గించకుండా, పదింటికల్లా పడుకుని. ఇంట్లో టీవీ సీరియళ్లు పదిన్నర దాకా నడుస్తాయి కాబట్టి మంచం పక్క గదిలోకి వెళ్లింది.

ఫీజు కట్టే ముందు రాసుకోవాల్సింది ఒకటే మిగిలింది: ఎప్పుడు వదిలెయ్యాలి. సెమిస్టర్ మధ్యలో మునుగుతున్నప్పుడు ఎవరూ చల్లగా ఆలోచించలేరు, అందుకని ముందే రాసిపెట్టుకోవాలి. ఆమెది ఇలా ఉంది: వరసగా రెండు వారాలు బీఎస్ అసైన్‌మెంట్ గడువు తప్పితే, లేదా ఒకటో మిడ్‌లో ఏ సబ్జెక్టులోనైనా సగం కంటే తక్కువ వస్తే, ఈ టర్ముకు బీఎస్ ఆపెయ్యడం. వారపు అసైన్‌మెంట్లలో కనీస సగటు లేకపోతే ఎండ్ టర్మ్ రాయనివ్వరు కాబట్టి ఈడ్చుకుంటూ పోవడంలో అర్థం లేదు. కోర్సు పోతే మళ్లీ ఆ కోర్సుకు ఫీజు కట్టి చేసుకోవాలి. ఆ డబ్బు ఎంతో ఇంట్లో ముందే చెప్పి ఉంచమన్నాను, పోతే పోయిందనుకోవడానికి వాళ్లూ సిద్ధంగా ఉంటారని. ఆదాయాన్నీ కేటగిరీనీ బట్టి ఫీజులో రాయితీలున్నాయి, దరఖాస్తు చేసుకునేటప్పుడే సర్టిఫికెట్లు సిద్ధం చేసుకోవాలి. మీసేవలో ఆదాయ ధ్రువపత్రం అదే రోజు చేతికి రాదు.

బీఎస్‌కు ఉన్న పెద్ద వెసులుబాటు ఏంటంటే టర్ములు ఏడాదికి మూడు, జనవరి, మే, సెప్టెంబరులో. కట్టేది తీసుకున్న కోర్సుకే. ఒక టర్ములో ఒక్క కోర్సే చేస్తానంటే ఎవరూ కాదనరు. ఫౌండేషన్‌లో ఎనిమిది కోర్సులు, 32 క్రెడిట్లు. టర్ముకు ఒకటి చొప్పునే పోతే రెండేళ్ల ఎనిమిది నెలలు పడుతుంది, బీటెక్ అయిపోతుంది. ఆమెకు అది నచ్చలేదు. అందుకని సెలవులు కలిసొచ్చే టర్ములో రెండు, మిగతావాటిలో ఒకటి అని రెండేళ్ల పట్టిక వేసుకుంది. దాన్ని నేను పెద్దగా పట్టించుకోలేదు. రెండు టర్ముల తర్వాతి పట్టికలన్నీ ఊహలే.

జనవరికి ఒక్క స్టాటిస్టిక్స్ కోర్సు తీసుకుంది. మ్యాథ్స్ సులువు కదా, అది తీసుకుని సీజీపీఏ పెంచుకుందామని మొదట అనుకుంది. బరువైనదాన్ని ఒంటరిగా ఉన్నప్పుడే చేసేసుకుంటే, రెండు తీసుకునే టర్ములో తేలికది జత కలుస్తుందని చెప్పాను. మార్చి వారంలో మిడ్స్ బాగానే రాసింది, క్విజ్ ఓ మాదిరిగా రాసింది. ప్రాజెక్టు రివ్యూ మాత్రం అదే వారానికి జరిగింది, కాలేజీ క్యాలెండర్‌లో అలా లేదు. ఇలాంటివి ఎప్పుడూ జరుగుతాయి, మిగులు గంటలు ఉంచుకునేది వీటికే.

మే టర్ముకు రెండు కోర్సులు తీసుకుంటానని మళ్లీ వచ్చింది, సెలవులు కదా అని. యూనివర్సిటీ క్యాలెండర్ తీసి చూపించాను. జూన్‌లో ఎక్స్‌టర్నల్స్, ఆ తర్వాత సెలవు రెండే వారాలు. కొత్త కాగితం తీసుకుని మళ్లీ గీతలు గీయడం మొదలుపెట్టింది.